జాబ్ కార్డులో కనిపించని గ్రేడు

కారును సర్వీసుకిచ్చే రోజు పొద్దున డీలరు వర్క్‌షాపు ముందు నిలబడిన ప్రతివారికీ ఇంజన్ ఆయిల్ గురించి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "సెమీ సింథటిక్ వేయమంటారా సార్, ఫుల్ సింథటిక్ వేయమంటారా?" సర్వీస్ అడ్వైజరు చేతిలోని ట్యాబ్‌లో రెండింటికీ ఎదురుగా ధరలు తప్ప మరో వివరం ఉండదు, వెనక వచ్చిన బండి హారన్ కొడుతూ ఉంటుంది, జవాబు మాత్రం అప్పటికప్పుడు చెప్పాలి. ఖరీదైనదే ఇంజన్‌కు మంచిదన్న నమ్మకంతో కొందరు ఫుల్ అంటారు, పాత బండే కదా అని కొందరు సెమీ అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఒకసారి మాత్రం "ఇంతకీ ఏ గ్రేడు వేస్తారు?" అని అడిగితే, ఆ అబ్బాయి లోపల పార్ట్స్ కౌంటరు దాకా వెళ్లి ఐదు నిమిషాల తర్వాత తిరిగొచ్చి, "మీ బండికి ఏది వేయాలో అదే వేస్తారు సార్" అన్నాడు. జాబ్ కార్డు మీద "ఇంజన్ ఆయిల్, సింథటిక్, 3.5 లీటర్లు" అని మాత్రమే అచ్చయింది. ఇంటికొచ్చి కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్ తెరిస్తే, ఇంజన్ ఆయిల్ పేజీలో సెమీ అన్న మాట గానీ, ఫుల్ అన్న మాట గానీ లేదు. అక్కడున్న గుర్తులు వేరు, అంకెలు వేరు. కౌంటరు దగ్గర అడిగే ప్రశ్నకు మాన్యువల్లో జవాబు లేకపోవడం, మాన్యువల్లో ఉన్న జవాబుకు కౌంటరు దగ్గర ప్రశ్న లేకపోవడం, మన గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

మాన్యువల్ ప్రధానంగా రెండు సంగతులు చెబుతుంది. ఒకటి నూనె చిక్కదనం, అంటే గ్రేడు. రెండోది ఆ నూనె ఏ ప్రమాణానికి తూగాలన్నది. ముందుగా గ్రేడు సంగతి చూద్దాం, ఎందుకంటే అపోహలు ఎక్కువగా పేరుకున్నది దాని చుట్టూనే.

0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 వంటివి అమెరికాకు చెందిన ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ నిర్ణయించిన చిక్కదనపు తరగతులు. డబ్ల్యూ అంటే వింటర్. దానికి ముందున్న అంకె నూనె చలిలో ఎంత తేలిగ్గా కదలగలదో చెబుతుంది. చల్లబడ్డ ఇంజన్ తిరగగలదా లేదా అన్న పరీక్షను 0డబ్ల్యూ నూనెకు మైనస్ 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర, 15డబ్ల్యూకు మైనస్ 20 దగ్గర చేస్తారు. వెనకున్న అంకె ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర నూనె చిక్కదనాన్ని సూచిస్తుంది. సెంటీస్టోక్ అనే కొలమానంలో 20 గ్రేడు 6.9 నుంచి 9.3 లోపు, 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. కాబట్టి 0డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30 నూనెలు రెండూ వేడి ఇంజన్లో ఒకే తరగతికి చెందుతాయి. ముందు సున్నా కనిపించినంత మాత్రాన నూనె నీళ్లలా ఉంటుందనుకోవడం పొరపాటు.

మైనస్ 30 డిగ్రీలతో మనకేం పని అన్న సందేహం సహజం. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకునే రోజున కూడా 15డబ్ల్యూ నూనెతో బండి స్టార్టవుతుంది. అయితే ముందు అంకె చిన్నదైన నూనె గడ్డకట్టే చలిలోనే కాదు, మన మామూలు పొద్దుటి వాతావరణంలోనూ పల్చగా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 నూనె సుమారు 45 సెంటీస్టోక్‌లు ఉంటే, 5డబ్ల్యూ-30 అరవై పైన, 15డబ్ల్యూ-40 నూరు దాటి, 20డబ్ల్యూ-50 నూట అరవై పరిసరాల్లో ఉంటాయి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్లో నూనె కింద సంప్ అనే తొట్టిలోకి దిగిపోయి ఉంటుంది. తాళం తిప్పాక అది పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎంత త్వరగా ఎక్కుతుందన్నది ఈ అంకెల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక ఎండ సంగతి. "అమెరికా చలికి పల్చటి ఆయిల్ సరిపోతుంది గానీ, మన రామగుండం, రెంటచింతల ఎండలకు చిక్కటిదే పోయాలి" అనే మాట మెకానిక్ షెడ్లలో తరచూ వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, నూనెకు తెలిసేది ఇంజన్ వేడి, ఊరి వేడి కాదు. థర్మోస్టాట్ అనే చిన్న వాల్వు కూలెంట్‌ను దాదాపు 90 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికే ఉంది. బయట 16 డిగ్రీలున్నా 46 డిగ్రీలున్నా అది తన పని తాను చేసుకుపోతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, నిండు లోడుతో ఘాటు ఎక్కుతున్నప్పుడు నూనె వేడి కొంత పెరుగుతుందన్నది నిజమే. ఆ సందర్భాన్ని లెక్కలోకి తీసుకునే 150 డిగ్రీల దగ్గర, బేరింగులో నలిగే స్థితిని పోలిన ఒత్తిడిలో నూనె చిక్కదనాన్ని విడిగా కొలుస్తారు. అందులో 16 గ్రేడుకు కనీసం 2.3, 20 గ్రేడుకు 2.6, 30 గ్రేడుకు 2.9 యూనిట్లు ఉండి తీరాలి.

ఈ అంకెలనే పట్టుకుని చిక్కటి నూనె పక్షం వహించేవారు ఒక న్యాయమైన ప్రశ్న వేయగలరు: పల్చటి నూనెలో లోహాల మధ్య నిలిచే పొర కూడా పల్చనే కదా? నిజమే, పల్చనే. కార్ల కంపెనీలు అటు మొగ్గింది ప్రధానంగా ఇంధనం ఆదా కోసమే. మన దేశంలో కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకానికి పరిమితి విధించే కేఫ్ నిబంధనలు 2017–18 నుంచి అమల్లోకి వచ్చి 2022–23లో మరింత బిగిశాయి. నూనెను పల్చన చేయడం మైలేజీని కాస్త పెంచుకోవడానికి చౌకైన దారి. అయితే ఆ పల్చటి పొరకు తగ్గట్టే బేరింగు వెడల్పునూ, నూనె పంపునూ, లోహపు నునుపునూ డిజైన్ చేస్తారన్నది ఈ వాదనలో మరుగున పడే సగం. అంబాసిడర్, పద్మిని కాలపు మేస్త్రీలు 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 నూనెలు పోసి బళ్లను లక్షల కిలోమీటర్లు నడిపించారు. వారి అనుభవం ఆ ఇంజన్లకు అక్షరాలా వర్తిస్తుంది. ఇప్పటి ఇంజన్లో వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం నూనె ఒత్తిడితోనే నడుస్తుంది, నూనె ప్రయాణించే సందులు సన్నవి, అందులోకి 20డబ్ల్యూ-50 పోయడం మేలు చేయడం కాదు.

నా అభిప్రాయంలో ఇక్కడ తెలివైన మధ్యేమార్గం మాన్యువల్లోనే ఉంటుంది. చాలా మాన్యువళ్లలో మొదటి సిఫార్సుగా ఒక గ్రేడును ఇచ్చి, దాని పక్కనే అనుమతించే ఇతర గ్రేడులను ఉష్ణోగ్రతల పట్టికతో సహా చూపిస్తారు. 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30 కూడా ఆ పట్టికలో ఉంటే, ఏడుగురిని ఎక్కించుకుని తరచూ తిరుమల ఘాటు ఎక్కేవారు 5డబ్ల్యూ-30 కోరడంలో తప్పేమీ లేదు, పోయేది రవ్వంత మైలేజీ. పట్టికలో లేని గ్రేడును ఎవరు సిఫార్సు చేసినా, అది డీలరైనా సరే, ఒప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు సెమీ, ఫుల్ దగ్గరికి వద్దాం. ఇంజన్ ఆయిల్‌కు ఆధారమైన మూల నూనెలను ఐదు గ్రూపులుగా విభజిస్తారు. మొదటి రెండూ ముడి చమురు నుంచి తీసే మినరల్ నూనెలు. మూడోది కూడా ముడి చమురు నుంచే వస్తుంది గానీ, తీవ్రమైన ఒత్తిడిలో హైడ్రోజన్‌తో చర్య జరిపి దాని అణువుల అమరికనే మార్చేస్తారు. నాలుగోది రసాయన కర్మాగారంలో కట్టిన పీఏఓ (పాలీ ఆల్ఫా ఓలెఫిన్). మిగిలినవన్నీ ఐదో గ్రూపు. సింథటిక్ అంటే మొదట్లో నాలుగు, ఐదు గ్రూపులే. 1990లలో క్యాస్ట్రాల్ తన సింథటిక్ నూనెలో మూడో గ్రూపు వాడటంపై పోటీ కంపెనీ మొబిల్ అభ్యంతరం చెప్పింది. అమెరికాలో వ్యాపార ప్రకటనల తగాదాలు చూసే స్వయం నియంత్రణ సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపు మొగ్గడంతో, మూడో గ్రూపు నూనెను కూడా సింథటిక్ అనడం మామూలైపోయింది. మన దుకాణాల్లో ఫుల్ సింథటిక్ అని రాసి ఉండే డబ్బాల్లో ఎక్కువ వాటికి ఆధారం ఈ మూడో గ్రూపే. అది నాసిరకం కాదు, నిజానికి చాలా మంచి నూనె. సెమీ సింథటిక్ అన్న పేరు మాత్రం మరీ వదులైనది. అందులో సింథటిక్ పాలు ఎంత ఉండాలన్న నిర్ణీత శాతం లేదు, పావు వంతున్నా సెమీయే, ముప్పావు వంతున్నా సెమీయే.

దీన్ని గ్రేడుతో కలిపి చూస్తే కౌంటరు దగ్గరి ప్రశ్న సగం తేలిపోతుంది. మైనస్ 35 డిగ్రీల దగ్గర కదులుతూ, వేడిలో ఆవిరైపోకుండా నిలిచే 0డబ్ల్యూ-20 గానీ 0డబ్ల్యూ-16 గానీ మామూలు మినరల్ నూనెతో తయారు కాదు. మీ మాన్యువల్ ఆ గ్రేడునే కోరుతుంటే సెమీయా ఫుల్లా అన్న ఎంపికే మీ ముందు దాదాపు లేనట్టే. అయినా ఆ ప్రశ్న వేశారంటే, సెమీ పేరుతో వేరే గ్రేడు నూనె చూపిస్తున్నారని అనుమానించాలి. 5డబ్ల్యూ-30 కోరే కారుకైతే రెండు రకాలూ దొరుకుతాయి. అక్కడ నేను అడిగే మాట ఒక్కటే: ఫుల్ సింథటిక్ వేస్తే మళ్లీ ఎప్పుడు మార్చాలి? మామూలు కార్లకు మన దగ్గర 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అన్న గడువు రెండింటికీ ఒకటే అయినప్పుడు, ఎక్కువ కాలం మన్నే గుణానికి డబ్బు చెల్లించి, ఆ గుణం ఇంకా మిగిలుండగానే నూనెను డ్రెయిన్ పాన్‌లోకి వదిలేస్తున్నాం. టర్బో ఉన్న పెట్రోలు ఇంజన్‌కు సంగతి వేరు. టర్బో ఇరుసు దగ్గర నూనె తట్టుకోవలసిన వేడి చాలా ఎక్కువ, ఆ కారుకు నేనైతే అదనపు ఖర్చుకు వెనకాడను.

అమెరికాలో ఉన్న బంధువులు ఫోన్లో "మేం పది వేలకోసారే మారుస్తాం" అన్నప్పుడు ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. వారి పది వేలు మైళ్లు, అంటే దాదాపు 16,000 కిలోమీటర్లు. అవి కూడా ఎక్కువగా హైవే మీద, దుమ్ము తక్కువ ఉన్న గాలిలో తిరిగినవి.

రెండో సంగతి, ప్రమాణం. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏపీఐ ఎస్‌ఎన్, ఏపీఐ ఎస్‌పీ అని ఉంటుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సీతో మొదలయ్యేవి డీజిల్‌కు. రెండో అక్షరం వర్ణమాలలో ముందుకు పోయిన కొద్దీ ప్రమాణం కొత్తది. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. పెట్రోలు వాటిలో కొత్తది పాతదాని స్థానంలో వాడుకోవచ్చు, పాతది కొత్తదాని స్థానంలో కుదరదు. ఇది కేవలం కాగితం మీది తేడా కాదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో తక్కువ వేగంతో, ఎక్కువ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే ఇంధనం అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఒకటి బయటపడింది. సిలిండరులోకి చేరే నూనె చుక్కల్లోని కాల్షియం డిటర్జెంటు దీన్ని ప్రేరేపిస్తుందని పరిశోధనల్లో తేలడంతో కాల్షియం తగ్గించి మెగ్నీషియం చేర్చారు, ఎస్‌పీ ప్రమాణంలో దీనికోసం పరీక్ష పెట్టారు. టైమింగ్ చైన్ అరుగుదలకు పరీక్ష చేరింది కూడా ఎస్‌పీతోనే. ఎస్‌పీ కోరే ఒక లీటరు టర్బో కారుకు పాత స్టాకు ఎస్‌ఎన్ నూనె పోస్తే, అది ఎంత ఖరీదైన ఫుల్ సింథటిక్ అయినా, తప్పు నూనె పోసినట్టే.

డీజిల్ కార్ల దగ్గర పొరపాటుకు చెల్లించే మూల్యం ఇంకా ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అమల్లోకి వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ చేరింది. మసిని అది పట్టుకుని, అప్పుడప్పుడు వేడెక్కించి కాల్చేస్తుంది. కానీ ఇంజన్లో కొద్దికొద్దిగా కాలిపోయే నూనెలోని జింకు, కాల్షియం, మెగ్నీషియం బూడిదగా మిగులుతాయి. మసి కాలుతుంది, బూడిద కాలదు. అది జల్లెడలో ఏళ్ల తరబడి పేరుకుంటూనే ఉంటుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే నూనెలు కావాలి, వాటిని యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ సీ2, సీ3 వంటి తరగతుల్లో చేర్చింది. బీఎస్4 నాటి డీజిల్ నూనె ఇంజన్‌ను బాగానే కాపాడుతుంది, జల్లెడను మాత్రం నెమ్మదిగా పూడ్చేస్తుంది. డీపీఎఫ్ మార్చవలసి వస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే జీవితాంతం నూనె మీద మిగుల్చుకున్నది ఏమూలకూ రాదు.

యూరప్ మూలాలున్న కార్లకు ఏపీఐ, ఏసీఈఏ కూడా చాలవు. ఫోక్స్‌వ్యాగన్ 508 00, మెర్సిడెస్ 229.51 వంటి కంపెనీ సొంత ఆమోద సంఖ్యలు ఉంటాయి. ఇక్కడ డబ్బా మీది భాషను న్యాయవాదిలా చదవాలి. "అప్రూవ్డ్" అంటే కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నది. "మీట్స్", "సూటబుల్ ఫర్" అంటే నూనె కంపెనీ తన మాటగా చెప్పుకున్నది. ఫోర్డ్ ఒక లీటరు ఎకోబూస్ట్ వంటి కొన్ని ఇంజన్లలో టైమింగ్ బెల్టు నూనెలోనే తడుస్తూ తిరుగుతుంది. వాటికి చెప్పిన నూనె కాక వేరేది పోస్తే రబ్బరు పొడిగా రాలి నూనె పీల్చే జాలీకి అడ్డుపడవచ్చు. అలాంటి కారు సెకండ్ హ్యాండులో కొన్నవారు పాత సర్వీసు బిల్లుల్లో నూనె పేరు వెతకడం మంచిది.

డీలరు దగ్గర దొరికే "జెన్యూన్ ఆయిల్" గురించి ఒక్క మాట. కార్ల కంపెనీలు సాధారణంగా నూనె తయారుచేయవు, పేరున్న లూబ్రికెంట్ కంపెనీల చేత తమ ప్రమాణానికి చేయించి తమ లేబుల్ అంటిస్తాయి. గ్రేడు, ప్రమాణం సరిపోయినంత వరకూ అది నమ్మదగినదే, నకిలీ భయం కూడా బయటి దుకాణంలో కన్నా తక్కువే. ఇబ్బంది నూనెతో కాదు, అది మీ కంటికి కనిపించకపోవడంతో. చాలా వర్క్‌షాపుల్లో సీలు డబ్బాలు ఉండవు, పెద్ద డ్రమ్ము నుంచి గొట్టం ద్వారా కొలిచి పోస్తారు. డ్రమ్ము మీది లేబుల్ చూపించమని మర్యాదగా అడిగితే కాదనే సూపర్‌వైజరు అరుదు.

బయట కొన్న నూనె పోయిస్తే వారంటీ పోతుందని అడ్వైజర్లు చెప్పే మాటలో కొంత నిజం, కొంత బెదిరింపు ఉన్నాయి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయటి మెకానిక్ దగ్గర పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టకూడదని చెప్పింది. ఆ పని లోపభూయిష్టంగా ఉండి దానివల్లే నష్టం జరిగితే ఆ మేరకు వారంటీ నిరాకరించవచ్చని కూడా చెప్పింది. దానిపై అప్పీళ్లు నడిచాయి. ఆచరణలో మాత్రం వారంటీ ఉన్నన్నాళ్లూ డీలరు నూనెనే సరైన గ్రేడులో పోయించుకోవడం తలనొప్పి లేని పద్ధతి. ఆ తర్వాత సొంత డబ్బా తెచ్చుకునేవారు బిల్లు దాచుకోవాలి, ఖాళీ డబ్బాకు కన్నం పొడవాలి. అది నకిలీ నూనె నింపేవాళ్ల చేతికి వెళ్లకుండా ఉంటుంది.

ఎస్టిమేటులో ఇంజన్ లోపల కడిగే ఇంజన్ ఫ్లష్, నూనెలో కలిపే ఆయిల్ అడిటివ్ అని రెండు వరుసలు తరచుగా చేరుతుంటాయి. మంచి నూనెలో శుభ్రపరిచే రసాయనాలు లెక్క ప్రకారం ముందే కలిసి ఉంటాయి, మాన్యువల్ షెడ్యూలులో లేకపోతే ఆ రెండు వరుసలూ కొట్టేయించవచ్చు.

నూనె మార్చే గడువు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగని కారుకు ఏడాదికే నూనె మార్చడం దండగ అనిపిస్తుంది. కానీ రోజూ కూరగాయల మార్కెట్ దాకా రెండు కిలోమీటర్లు వెళ్లొచ్చే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోక నూనెలోనే మిగులుతాయి. నగరంలోనే తిరిగే బీఎస్6 డీజిల్‌ది మరో తీరు. డీపీఎఫ్‌ను శుభ్రం చేసుకునేందుకు ఇంజన్ అదనంగా చిమ్మే డీజిల్‌లో కొంత సిలిండరు గోడల మీదుగా కిందికి జారుతుంది, శుభ్రం పని మధ్యలోనే బండి ఆపేస్తుంటే నూనె మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన డిప్‌స్టిక్ మీద మట్టం పై గీత దాటిందని, "మా బండి ఆయిల్ తాగనే తాగదండీ" అని సంబరపడ్డారు. ఆ కడ్డీ తుడిచిన గుడ్డ వాసన చూస్తే డీజిల్ కొట్టింది. నూనె నల్లబడటం మాత్రం చెడిపోయిన గుర్తు కాదు. డీజిల్ ఇంజన్లో కొత్త నూనె కూడా కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది.

డిప్‌స్టిక్ చూడటం సర్వీసు అయ్యాక వర్క్‌షాపు గేటు దాటకముందే చేయవలసిన పని. బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, పది నిమిషాలు ఆగి, కడ్డీని తుడిచి మళ్లీ దించి తీస్తే నూనె గీత రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉండాలి. పై గుర్తు దాటితే క్రాంక్‌షాఫ్ట్ నూనెను చిలికి నురుగు చేస్తుంది, నురుగు పొర లోహాన్ని కాపాడదు.

కిందటి సర్వీసుకు నేను జాబ్ కార్డు మీద సంతకం చేసేముందు, "ఇంజన్ ఆయిల్" అన్న వరుస పక్కన మాన్యువల్లోని గ్రేడునూ, ఏపీఐ ఎస్‌పీ అన్న మాటనూ పెన్నుతో రాయించాను. అడ్వైజరు ఈసారి లోపలికి వెళ్లలేదు, ట్యాబ్‌లోనే రెండు మెట్లు కిందికి దిగితే పార్ట్ నంబరు పక్కన గ్రేడు కనిపించింది. సెమీకీ ఫుల్‌కీ మధ్య మా బండికి తగినది ఒక్కటే ఉందని అతనే చెప్పాడు. సాయంత్రం బిల్లులో 3.5 లీటర్లు అని ఉంది, మాన్యువల్ ప్రకారం ఫిల్టరుతో కలిపి పట్టేది 3.1. మిగిలిన నాలుగు వందల మిల్లీలీటర్ల సంగతి అడిగితే, లోపలి నుంచి మూత బిగించిన ఒక డబ్బా తెచ్చి డిక్కీలో పెట్టారు.